అపొల్లోకు కొరతపడిన పాఠము

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 18:24 – 19:7, 2 తిమోతి 4:9–22

ఈ నెల పాఠమునకు ముందుగా పైన చూపిన రెండు భాగములను ఇంటిలో బిగ్గరగా చదువుకొనుడని చదువరులను వేడుకొనుచున్నాను. చదువురాని పెద్దలున్నయెడల పిల్లలచేత చదివించుకొనవచ్చును. రెండును కలిసి పది నిమిషములకు మించవు. ఈ వ్యాసము చదువుటకు తీరిక దొరకకపోయినను వాటిని మాత్రము విడువవద్దు.

నేను వేదశాస్త్ర కళాశాలలో మూడవ సంవత్సరము చదువుచున్నాను. శనివారము సాయంకాలము బస్సెక్కి ఒక పల్లె సంఘమునకు పోయి, ఆదివారము ఆరాధనలో సహాయము చేసి, ఇండ్లు దర్శించి, సోమవారము తెల్లవారుజామున తిరిగివచ్చుట మా చదువులో ఒక భాగము. వారములో ఎక్కువ దినములు పుస్తకములతో గడుచును. ఒకటి రెండు దినములు మనుష్యులతో గడుచును. కళాశాలలో నేర్చుకొను సిద్ధాంతము పల్లెలో ఎవరికి కావలెనని అడుగువారు మన సంఘములలో చాలమంది యున్నారు. “ఇంత చదువెందుకు బాబూ, ప్రార్థన చాలదా?” అని ప్రేమతోనే అడుగుదురు. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అపొల్లో చరిత్రలో దానికి మంచి జవాబు కలదు.

అపొల్లో పుట్టిన ఊరు అలెక్సంద్రియ. ఐగుప్తు సముద్రతీరమున క్రీ. పూ. 331లో అలెగ్జాండరు చక్రవర్తి వేయించిన పట్టణమది. అక్కడి గ్రంథాలయము లోకప్రసిద్ధమైనది. యూదులు ఆ పట్టణములో లెక్కకు మిక్కిలిగా కాపురముండిరి. తరములు గడిచినకొలది వారి పిల్లలు హెబ్రీ భాష మరచి గ్రీకు మాటలాడుచుండగా, మోషే ధర్మశాస్త్రమును గ్రీకులోనికి తర్జుమా చేసినది అక్కడనే, క్రీ. పూ. మూడవ శతాబ్దములో. తక్కిన పుస్తకములు క్రమముగా తరువాత వచ్చెను. క్రొత్త నిబంధన వ్రాసినవారు పాత నిబంధన మాటలను ఎత్తిచెప్పునప్పుడు అనేక పర్యాయములు ఈ గ్రీకు తర్జుమానే వాడిరి. ఫిలో అను యూదా పండితుడు ప్రభువు ఈ లోకములో సంచరించిన దినములలోనే ఆ పట్టణమున నివసించి గ్రంథములు వ్రాసెను. అట్టి ఊరిలో పుట్టినవాడు అపొల్లో.

అతడు ఎఫెసునకు వచ్చినప్పుడు లూకా అతనిని గూర్చి చెప్పిన సంగతులను లెక్కించి చూడుడి. చదువుకొన్నవాడు, మాట నేర్పరి, లేఖనములలో గట్టివాడు, ప్రభువు మార్గమును గూర్చి ఉపదేశము పొందినవాడు, హృదయములో వేడి గలవాడు, సమాజమందిరములో ధైర్యముగా నిలిచి మాటలాడువాడు. ఏ సంఘమైనను ఇట్టి బోధకుడు మాకు కావలెనని కోరుకొనదా? అయితే ఆ వరుసలోనే లూకా మెల్లగా మరియొక మాట చేర్చుచున్నాడు. ఇతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలియును.

ఇచ్చట గ్రీకు మాట ఒకటి చెప్పవలసియున్నది. చదువరులు క్షమింతురు గాక. అపొల్లో యేసును గూర్చి బోధించిన తీరును చెప్పుచు 25వ వచనములో లూకా “అక్రిబోస్” అను మాట వాడెను. సరిగా, కొలత తప్పకుండ, శ్రద్ధతో అని దాని భావము. తరువాతి వచనములో ప్రిస్కిల్ల అకులలు అతనికి విశదపరచిన తీరును చెప్పునప్పుడు అదే మాటను పెంచి, మరింత సరిగా అని అర్థమిచ్చు రూపమున వ్రాసెను. కాబట్టి అపొల్లో తప్పు బోధించెనని లూకా చెప్పుటలేదు. అతడు కొలిచిన గింజలు మంచివే, కాని కుంచము నిండలేదు. తప్పు బోధ వేరు, కొరత బోధ వేరు. తప్పు బోధను పట్టుకొనుట కొంత సులభము. కొరత బోధను పట్టుకొనుట కష్టము. ఏలయనగా చెప్పిన ప్రతి మాటయు నిజమే. చెప్పక విడిచినదానిలో అపాయమున్నది.

అతనికి కొరతపడినది ఏది? యోహాను మారుమనస్సును గూర్చి బోధించి, తన తరువాత వచ్చువానివైపు జనులను త్రిప్పెను. వేసవి దుక్కి దున్నినట్టు అతడు గట్టిపడిన నేలను పెళ్లగించెను. దుక్కి అవసరమే. అయితే దున్నిన పొలములో విత్తనము పడక, వాన కురియక పోయినయెడల రైతు ఇంటికి ఏమి తెచ్చుకొనును? 19వ అధ్యాయము మొదటనే దీని ఫలితమును లూకా మనకు చూపుచున్నాడు. అదే ఎఫెసులో పౌలునకు ఇంచుమించు పండ్రెండుమంది శిష్యులు కనబడిరి. వారును యోహాను బాప్తిస్మమే పొందినవారు. పరిశుద్ధాత్మ యున్నాడన్న సంగతియైనను వారు వినలేదు. వారికి బోధించినవాడు ఎవడో లూకా చెప్పలేదు గనుక మనమును అపొల్లోపై ఆ భారము మోపరాదు. అయినను రెండు చరిత్రలను ప్రక్కప్రక్కను పెట్టుటలో లూకా ఉద్దేశము కనబడుచునేయున్నది. బోధకునికి తెలిసినంతవరకే సంఘము ఎదుగును.

మన పల్లెలలో ఈ యోహాను బోధ నేటికిని విస్తారముగా వినబడుచున్నది. త్రాగుడు మానుము, జూదము మానుము, భార్యను కొట్టుట మానుము, కోర్టు తగవులు మానుము. అన్నియు మానవలసినవే. అయితే మానుటకు శక్తి యెక్కడ దొరకునో, మానలేక మరల పడినవాని గతి యేమో, క్షమాపణ ఎవని రక్తమువలన వచ్చునో చెప్పకుండ బల్ల గుద్ది కూర్చుండినయెడల ఆ వినువాడు ప్రతి క్రొత్త సంవత్సరమునకు ఒక తీర్మానము చేసికొని, సంక్రాంతి గడువకమునుపే దానిని పోగొట్టుకొని, చివరకు గుడికి వచ్చుటయే మానుకొనును.

ఇప్పుడు ప్రిస్కిల్ల అకులల సంగతి చూతము. అకుల పొంతు దేశస్థుడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుండి వెళ్లగొట్టినప్పుడు (ఇది క్రీ. శ. 49లో జరిగెనని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము) ఆ దంపతులు కొరింథునకు వచ్చిరి. వృత్తి డేరాలు కుట్టుట. పౌలుదియు అదే వృత్తి గనుక అతడు వారి యింటనే బసచేసి వారితో కలిసి పనిచేసెను. కొరింథులో పౌలు ఒకటిన్నర సంవత్సరము నిలిచెను. సూది చేత పట్టుకొని కూర్చుండిన ఆ దినములే వారికి వేదశాస్త్ర కళాశాల యనవచ్చును. క్రొత్త నిబంధనలో ఈ దంపతుల పేర్లు ఆరు చోట్ల కలవు. వాటిలో ఎక్కువ చోట్ల భార్య పేరే ముందున్నది. అపొల్లోకు పాఠము చెప్పినచోటను ముందుగా వ్రాయబడినది ప్రిస్కిల్లయే. మన తెలుగు సంఘములలో ఇల్లిల్లు తిరిగి స్త్రీలకు వాక్యము నేర్పిన బైబిలు స్త్రీలను ఎరిగినవారు దీనికి ఆశ్చర్యపడరు.

వారు చేసిన పని మూడు నాలుగు మాటలలో నున్నది. సమాజమందిరములో అపొల్లో బోధ విన్నారు. అతనిని చేరదీసిరి. దేవుని మార్గమును మరింత సరిగా విశదపరచిరి. మందిరములో లేచి అడ్డము పలుకలేదు. విని ఊరకుండనూ లేదు. మన సంఘములలో సాధారణముగా రెండు వాడుకలు కలవు. పడుచు బోధకుడు మాటలాడి దిగిన తోడనే “బాబు బాగా చెప్పినాడు” అని చేయి పట్టుకొని ఊపి పంపివేయుట ఒకటి. అతడు బస్సెక్కిన తరువాత రచ్చబండ దగ్గర అతని ప్రసంగమును చీల్చి చెండాడుట రెండవది. మొదటిదానివలన అతనికి గర్వము వచ్చును, రెండవదానివలన ఎవరికిని ఏమియు రాదు. ప్రిస్కిల్ల ఇంటి త్రోవ మూడవది. భోజనమునకు పిలిచి, విస్తరి ముందు కూర్చుండబెట్టి, “ఆ సంగతి ఇట్లున్నది నాయనా” అని చెప్పగల పెద్దలు ఒకరిద్దరున్న సంఘము విద్యార్థికి దొరకిన భాగ్యము.

అపొల్లో విన్నాడనుట కూడ గమనింపదగినది. అలెక్సంద్రియ పండితుడు డేరాలు కుట్టు ఇంటివారియెదుట కూర్చుండి నేర్చుకొనెను. అతని చదువులో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఇదే.

పల్లెవారు విద్యార్థికి నేర్పు విధములు రెండు. జవాబు చెప్పి నేర్పుట ఒకటి, ప్రశ్న అడిగి నేర్పుట మరియొకటి. రెండవది తక్కువదని తలంపరాదు. నేను పోవు సంఘములో ఒక అమ్మ కలరు. ఆమెకు అక్షరము రాదు. భర్తకు క్షయ వచ్చినది. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షచేసి మందులు ఉచితముగా ఇచ్చిరి. ఆ జబ్బుకు సాధారణముగా ఆరు నెలలు మాత్రలు వాడవలెను. రెండు నెలలు వాడునప్పటికి దగ్గు తగ్గి ఒంటికి బలము వచ్చినది. ఆ సమయమున ఊరికి వచ్చిన యొక సంచార బోధకుడు చేతులుంచి ప్రార్థించి, స్వస్థత కలిగినది, ఇక మాత్ర మ్రింగుట అవిశ్వాసమని చెప్పెను. వారు మానివేసిరి. మధ్యలో మానిన క్షయ మరల తిరగబడును. కొన్నిసార్లు అంతకుముందు పనిచేసిన మందులకు లొంగక మొండిదగును. ఆయన చనిపోయిరి. ఆ బోధకుడు తరువాత ఒకసారి వచ్చి, మీ విశ్వాసము చాలలేదని చెప్పి పోయెనట.

ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇది: “ఎంత ఉంటే చాలేది బాబూ?”

ఏ పరీక్షలోను నాకు ఇంత బరువైన ప్రశ్న రాలేదు. స్వస్థపరచుటకు దేవునికి శక్తి కలదనుట నిజము. విశ్వాసముతో ప్రార్థింపవలెననుట నిజము. ఆ బోధకుడు చెప్పిన ఈ రెండు మాటలును లేఖనములలోనివే. అయినను ఆ రెంటిని మాత్రమే చెప్పి తక్కినది విడిచినందున ఒక యింట దీపమారెను. మిగిలిన ఆమెపై నేరము మోపబడెను. సిద్ధాంతము కళాశాల గోడలలోపలి ముచ్చట అనువారు ఈ యింటికి ఒకసారి వచ్చి చూడవలెను.

వేదపఠనమును గూర్చి మా ఉపాధ్యాయులు మాకు పెట్టిన నియమమొకటి కలదు. పత్రికను పత్రికగా చదువవలెను, అనగా ఉత్తరము వచ్చినప్పుడు మొదటినుండి తుదివరకు చదువుకొనునట్లు. ఇష్టమైన వచనములను ఏరుకొని తక్కినవి దాటిపోరాదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగు అధ్యాయములే, పావుగంటలో ముగియును. చదువురానివారు ఈ దినములలో తెలుగు బైబిలును ఫోనులో వినవచ్చును. ఇంటిలోని పిల్లలు పెట్టి ఇత్తురు. ఆ పత్రిక తుదిభాగము ప్రసంగములలో విరివిగా వినబడునది కాదు. పేర్లు, ఊళ్లు, త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీ, పుస్తకములు, చర్మపు కాగితములు. చెరసాలలో మరణమునకు దగ్గరపడిన పౌలు పుస్తకములు తెమ్మని అడుగుచున్నాడనుట విద్యార్థులకు ఆదరణ కలిగించు సంగతి. అయితే ఆ అమ్మ ప్రశ్నకు జవాబు ఇంకను కొంచెము క్రిందనున్నది. 20వ వచనములో పౌలు, త్రోఫిము రోగియైయుండగా అతనిని మిలేతులో విడిచి వచ్చితినని వ్రాయుచున్నాడు.

ఈ త్రోఫిము ఎవరు? అపొస్తలుల కార్యములు 21:29 చూడుడి, అతడు ఎఫెసువాడు. ఎఫెసులో ఏమి జరిగెను? 19:11–12 చూడుడి, పౌలు శరీరమునకు తగిలిన చేతిగుడ్డలను తీసికొనిపోయి రోగులమీద వేయగా వారు బాగుపడిరి. గుడ్డ తగిలి రోగములు పోయిన ఊరివాడు, పౌలుతో కలిసి సేవచేసి యెరూషలేమువరకు వెంట నడచినవాడు, మిలేతులో జబ్బుపడి పడియుండెను. మిలేతు ఎఫెసునకు మరీ దూరము కాదు. రెండు దినముల నడక. అతనికి విశ్వాసము చాలలేదని పౌలు వ్రాయలేదు. తన ప్రార్థన చాలలేదని తనను నిందించుకొననూ లేదు. రోగియైయున్నాడని మాత్రము చెప్పి, చలికాలమునకు ముందుగా రమ్మని తిమోతిని వేడుకొని, సంగతి అక్కడితో విడిచెను.

ఆ కొస పట్టుకొని వెదకగా మరికొందరు కనబడుదురు. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైనంతగా రోగియాయెను. దేవుడు కనికరించి బాగుచేసెను (ఫిలిప్పీ 2:25–30). తిమోతికి తరచు కడుపు జబ్బు. పౌలు అతనికి చెప్పినది కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని, అనగా ఆ కాలపు ఔషధమును వాడుమని (1 తిమోతి 5:23). పౌలు శరీరములోని ముల్లు మూడుసార్లు వేడుకొనినను తీయబడలేదు. దానికి బదులుగా కృప ఇయ్యబడెను (2 కొరింథీ 12:7–9). చెరసాలలో పౌలుతో నిలిచిన లూకాయో, వైద్యుడు. యాకోబు 5:14–15ను మనము దాచిపెట్టరాదు. రోగి సంఘ పెద్దలను పిలిపింపవలెను, వారు ప్రార్థింపవలెను, మన సంఘములలో అట్లు ప్రార్థించి బాగుపడినవారు కలరు. ఒకరు లేచెను, ఒకరు లేవలేదు, ఇద్దరును విశ్వాసులే. ఈ రెండవ మాట కూడ చెప్పినప్పుడే కుంచము నిండును. మందు మ్రింగుట అవిశ్వాసమను బోధ మాత్రము కొరత బోధ కూడ కాదు. అది తప్పు బోధ. ఎవరు చెప్పినను వినవద్దు. ఆరు నెలల మాత్రలు ఆరు నెలలును వాడి, ఆ ఆరు నెలలును ప్రార్థింపుడి.

తరువాతి ఆదివారము నేను ఆ అమ్మ యింటికి పోయి ఆ వచనము చదివి వినిపించితిని. ఆమె కొంతసేపు మౌనముగా కూర్చుండి, “ఆయన పేరేమన్నారు?” అని అడిగిరి. త్రోఫిము అంటిని. మరల ఒకసారి చెప్పించుకొనిరి.

“పౌలు గారు ఆయనకోసం ప్రార్థన చేసే ఉంటారుగా?”

“చేసే ఉంటారమ్మా.”

“అయినా లేవలేదు.”

“ఆ ఉత్తరం రాసేనాటికి లేవలేదమ్మా.”

ఆమె తల ఊపి, లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి యిచ్చిరి.

అయితే ఆమె ప్రశ్నలో త్రోఫిము తీర్చలేని భాగమొకటి మిగిలియున్నది. నాకు కలిగిన దుఃఖము దేవునికి ఏమి తెలియును, ఆయన పైనుండి చూచుచు మధ్యవర్తిని ఎవనినో పంపెనా అనునది. దీనికి జవాబు చెప్పుటకు మనము మరల అలెక్సంద్రియకు పోవలెను.

అపొల్లో తరువాత ఇంచుమించు 270 సంవత్సరములకు అదే పట్టణములో అరియ అను మరియొక మాట నేర్పరి యుండెను. అతడు సంఘ పెద్ద, నిష్ఠ గలవాడు. కుమారుడు సృష్టిలో మొదటివాడు, గొప్పవాడు, అయినను చేయబడినవాడే, తండ్రివంటి దేవుడు కాడు అని అతడు బోధించెను. ఓడవారు, తిరుగలి విసరువారు, బాటసారులు పాడుకొనుటకు అతడు పాటలు కట్టెనని ప్రాచీన చరిత్రకారుడొకరు వ్రాసిరి. కలహము ముదిరి, క్రీ. శ. 325లో నికేయ అను ఊరిలో (అది నేటి టర్కీ దేశములోనిది) ఇంచుమించు మూడువందలమంది అధ్యక్షులు కూడిరి. తండ్రి ఏ స్వభావము గలవాడో కుమారుడును అదే స్వభావము గలవాడని వారు తీర్మానించిరి. ఆ సభ జరిగి 2025తో 1700 సంవత్సరములు నిండినవి. అలెక్సంద్రియ అధ్యక్షునితో కూడ అథనాసియస్ అను పడుచు పరిచారకుడు ఆ సభకు పోయెను. తరువాత తానే అధ్యక్షుడై, ఈ సత్యముకొరకు ఐదుసార్లు దేశబహిష్కారము పొంది, మొత్తము ఇంచుమించు పదిహేడేండ్లు పరాయి చోట్ల గడిపెను. క్రొత్త నిబంధనలో మనము నేడు చదువు ఇరువదియేడు పుస్తకముల పట్టీ సరిగా అవే పేర్లతో మొదట కనబడునది అతడు క్రీ. శ. 367లో సంఘములకు వ్రాసిన పండుగ ఉత్తరములోనే.

ఒక మాటకొరకు ఇంత రగడ ఎందుకని మా తరగతిలోనే ఒకరు అడిగిరి. అథనాసియస్ వాదము ఇట్టిది: సృష్టింపబడినవాడు మరియొక సృష్టిని దేవునితో ఏకము చేయలేడు; రక్షించుట దేవుని పనియే. మన భాషలో చెప్పినయెడల, సిలువమీద నున్నవాడు కేవలము దేవుడు పంపిన మనిషియైతే, దేవుడు తన నౌకరుని చావునకు పంపి తాను ఇంటనే యుండెనని అర్థము. ఆయన నిజముగా దేవుడైతే, దేవుడే వచ్చెను. ఆకలిగొనెను, లాజరు సమాధియొద్ద ఏడ్చెను, చనిపోయెను. ఆ అమ్మ ప్రశ్నకు మిగిలిన జవాబు ఇది. నికేయలో కూడినవారు ఆమెను ఎరుగరు. అయినను వారు ఆమె పక్షముననే వాదించిరి.

అరియ పాటల సంగతి మనకును పట్టును. చదువురాని సంఘములలో సిద్ధాంతము ప్రసంగముకంటె పాటలలోనే ఎక్కువ నిలుచును. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు కట్టిన కీర్తనలవలన మన తాతముత్తాతలు పుస్తకము పట్టకుండనే రక్షణ మార్గమును నేర్చుకొనిరి. కాబట్టి కూటములలో క్రొత్త పాట నేర్పువారు రాగము బాగున్నదా అని మాత్రమే చూడక, ఆ పాట నమ్మినవానికి మేడలును ధనమును తప్పక వచ్చునని చెప్పుచున్నదా, లేక సిలువను గూర్చి చెప్పుచున్నదా అని కూడ చూచుట మంచిది.

నేర్చుకొన్నవారే నేర్పవలెనను ప్రిస్కిల్ల ఇంటి పద్ధతిని మన తెలుగు దేశములో పెద్దయెత్తున నడిపించినవారు దోర్నకల్ అధ్యక్షులు వి. ఎస్. అజరయ్యగారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ అధ్యక్షులైరి. వారి సంఘస్థులలో ఎక్కువమంది కూలి చేసికొను బీదలు, చదువురానివారు. అయినను బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తామే చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ యని పలుకునట్లు వారు చేయించెడివారు (1 కొరింథీ 9:16 చూడుడి). బోధించుట అయ్యగారి పని, వినుట మన పని యను విభాగమును ఆయన ఒప్పుకొనలేదు. 1945 జనవరి 1న ఆయన మరణించిరి. నేను ఎరిగినంతలో మన సంఘములలో ఆ విభాగము మరల తిరిగి వచ్చియున్నది. అది మనకు నష్టము.

ఇక అపొల్లో చరిత్రకు వత్తము. ఎఫెసు సహోదరులు అతనికి ఉత్తరము వ్రాసి యిచ్చి అకయకు పంపిరి. అక్కడ అతడు కృపవలన విశ్వసించినవారికి మిక్కిలి సహాయపడెనని లూకా చెప్పుచున్నాడు. చదువు పోలేదు, వేడి పోలేదు, కొరత తీరెను. అయితే కొరింథులో మరియొక తొందర పుట్టెను. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని జనులు చీలిరి. నాటినవాడు ఒకడు, నీళ్లుపోసినవాడు ఒకడు, పెంచినవాడు దేవుడని పౌలు వారికి వ్రాయవలసివచ్చెను. 1 కొరింథీ 16:12 చదువుడి. అపొల్లోను మరల కొరింథునకు వెళ్లుమని పౌలు చాల బ్రతిమాలెనట. అప్పుడు వెళ్లుటకు అతనికి మనస్సు లేదు. కారణము వ్రాయబడలేదు. తన పేరు చెప్పుకొని జనులు చీలుచున్నచోటికి పోకుండుటే మేలని తలంచియుండవచ్చునని నా ఊహ. క్రొత్తగా వచ్చిన పడుచువాని ప్రసంగమును పాత కాపరి ప్రసంగముతో తూచుచుండు పెద్దలు ఆ వచనమును నెలకొకసారి చదువుకొనినను నష్టము లేదు.

అపొల్లో పేరు బైబిలులో కడపట వచ్చునది తీతు 3:13లో. అప్పటికి అతడు జేనా అను ధర్మశాస్త్ర పండితునితో కలిసి ప్రయాణములో నున్నాడు. వారిద్దరికి దారిలో ఏమియు తక్కువ కాకుండ చూచి సాగనంపుమని పౌలు తీతుకు వ్రాసెను. తీతు అప్పుడు క్రేతు ద్వీపములో నుండెను. అక్కడివి క్రొత్త సంఘములు. త్రోవ ఖర్చు, రొట్టె, రాత్రి బస ఆ సంఘములవారు చూడవలసియుండెను.